కాటా ప్రోగ్రాం డైరీ: బస్తా ఎత్తకుండానే 80 కిలోలు తూచిన వారం

పని ఏమిటంటే

పలాస కాశీబుగ్గలో మా చిన్నాన్నకి చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది. పప్పు డబ్బాలు తూచే 30 కిలోల టేబుల్ కాటా ఒకటి చాలాకాలంగా ఒక పాత లాప్‌టాప్‌కి కలిపి నడుస్తోంది. లాప్‌టాప్‌లో లినక్స్, దాని మీద సీ లాంగ్వేజ్‌లో రాసిన ఒక చిన్న ప్రోగ్రాం. అది చేసేది ఇంతే: కాటా సీరియల్ కేబుల్ మీద పంపే బరువు చదవడం, ఖాళీ డబ్బా బరువు తీసేయడం, థర్మల్ ప్రింటర్ మీద స్లిప్పు కొట్టడం. డబ్బాకి 11.34 కిలోల పప్పు పడుతుంది, అంటే 25 పౌండ్లు, ఎగుమతి లెక్క నుంచి వచ్చిన కొలత అది. ఈ పనిలో ప్రోగ్రాం ఏ రోజూ తేడా చూపించలేదు.

ఈ సీజన్ నుంచి రైతులు తెచ్చే పిక్కల బస్తాలు కూడా దీంతోనే తూచాలని చిన్నాన్న 150 కిలోల ప్లాట్‌ఫాం కాటా తెప్పించారు. మందస, వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఆటోల్లో వచ్చే బస్తాలు ఒక్కొక్కటి 80 కిలోలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని పడగొట్టేశాక మళ్లీ మొక్కలు వేసి కాపు కోసం ఎదురుచూసిన వాళ్లు చాలామంది ఉన్నారు, రెండు మూడు బస్తాలతో వచ్చే రైతుకి స్లిప్పు మీద అంకె అంటే ఆ ఏడాది ఆదాయంలో ఒక ముక్క. కాబట్టి ఈ ప్రోగ్రాం విషయంలో "దాదాపు సరిగ్గా ఉంది" అనే మాట నేను ఒప్పుకోను.

కొత్త కాటా కలిపి మొదటి బస్తా ఎక్కిస్తే స్లిప్పు మీద గ్రాస్, అంటే సంచితో కలిపిన బరువు, 14.464 కిలోలు అని వచ్చింది. కాటా మీదున్న డిస్‌ప్లేలో మాత్రం 80.00 అని స్పష్టంగా ఉంది. "ఏటి బాబూ, కొత్త కాటా అప్పుడే పాడైపోనాదా?" అని కాటా దగ్గరుండే మామ అడిగాడు. డిస్‌ప్లే సరిగ్గా ఉందంటే కాటాది తప్పు లేదు, కేబుల్‌లోనో ప్రోగ్రాంలోనో ఉంది. అక్కడి నుంచి ఈ డైరీ.

చిన్న మాట. కమాండ్లు, వేరియబుల్ పేర్లు అన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు కీబోర్డు మీద వాటి ఇంగ్లిషు స్పెల్లింగే కొట్టాలి.

సోమవారం: ముందు చూడడం

ఇలాంటప్పుడు చాలామంది కోడ్‌లో అక్కడా ఇక్కడా విలువల్ని తెర మీద చూపించే ప్రింట్‌ఎఫ్ లైన్లు పెట్టి మళ్లీ కంపైల్ చేస్తారు. దాంతో పని అవుతుంది, కాదనను. కానీ ఏ వేరియబుల్ చూడాలో ముందే తెలిసి ఉండాలి. తెలియకపోతే ఒకటి పెట్టి చూసి, ఇంకొకటి పెట్టి చూసి, ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి నడపాలి, ఇక్కడ మళ్లీ నడపడం అంటే ఇద్దరు మనుషులు 80 కిలోల బస్తా ఎత్తడం. అందుకే జీడీబీ తీశాను. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో మొదలుపెట్టిన డీబగ్గర్ ఇది, అంటే నడుస్తున్న ప్రోగ్రాంని మధ్యలో ఆపి లోపలి విలువలు చూడడానికీ మార్చడానికీ వాడేది, ఇప్పటికీ సీ ప్రోగ్రాంలకి నా మొదటి పనిముట్టు ఇదే.

ప్రోగ్రాం అప్పటికే నడుస్తోంది కాబట్టి ప్రాసెస్ నంబరు ఇచ్చి దానికే అటాచ్ అయ్యాను. ఉబుంటులో మామూలు యూజర్‌గా ఇలా చేయబోతే అనుమతి లేదంటుంది. వేరే ప్రాసెస్ మెమరీలోకి తొంగి చూడకుండా యామా అనే భద్రతా ఏర్పాటు ఉంటుంది, అడ్మిన్ హక్కులిచ్చే సుడో పెట్టి నడిపితే సరిపోతుంది.

కాటా ఒక్కసారి పంపే లైనుని ఫ్రేమ్ అంటాం. దాన్ని విడదీసి బరువు తీసే పార్స్‌ఫ్రేమ్ అనే ఫంక్షన్ దగ్గర బ్రేక్‌పాయింట్, అంటే ప్రోగ్రాం వచ్చి ఆగాల్సిన గుర్తు, పెట్టి, ఆగగానే ఇన్ఫో లోకల్స్ కొట్టాను. ఆ ఫంక్షన్‌లో ఉన్న లోకల్ వేరియబుల్స్ అన్నీ ఒకేసారి చూపించే కమాండ్ అది, ఎక్కడికి వెళ్లాలో తెలియనప్పుడు మొదట కొట్టాల్సింది ఇదేనని నా అభిప్రాయం. కానీ సగం వేరియబుల్స్ ఎదురుగా ఆప్టిమైజ్డ్ అవుట్ అని వచ్చింది. పాత మేక్‌ఫైల్‌లో ఓ2 ఆప్టిమైజేషన్ ఉంది, కంపైలర్ ఆ వేరియబుల్స్‌ని ప్రాసెసర్ లోపలి రిజిస్టర్లలో కాసేపు ఉంచి, పని అయిపోగానే ఆ చోటుని వేరే దానికి ఇచ్చేసింది. అలాంటి బిల్డ్‌లో ఒకవేళ వాల్యూ కనిపించినా మార్చడం ప్రమాదం, ఎందుకంటే మనం మెమరీలో మార్చిన దాన్ని ప్రోగ్రాం చూడకపోవచ్చు, రిజిస్టర్‌లో దాచుకున్న పాత కాపీతోనే ముందుకు పోవచ్చు. ఆప్టిమైజేషన్ తీసేసి, డీబగ్ సమాచారం అలాగే ఉంచి మళ్లీ బిల్డ్ చేశాను. ఇది ముందే చేసుకుంటే తర్వాత చాలా టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు అసలు చూపు. మొదట కాటా నుంచి వచ్చిన బైట్లనే చూడాలి, మధ్యలో ఎవరూ అర్థం చెప్పకుండా. దానికి మెమరీని ఉన్నదున్నట్టు చూపించే ఎక్స్ కమాండ్, వచ్చిన బైట్లు దాచుకునే రిసీవ్ బఫర్ నుంచి 18 బైట్లు, దశాంశంలో:

83 84 44 71 83 44 43 48 48 56 48 46 48 48 107 103 13 10

ఇవి ఆస్కీ అంకెలు, అంటే ఒక్కో అక్షరానికి కంప్యూటర్ వాడే సంఖ్యలు. 83, 84 అంటే ఎస్, టీ, "బరువు నిలకడగా ఉంది" అని కాటా చెప్పే గుర్తు. 44 కామా. 71, 83 అంటే జీ, ఎస్, గ్రాస్ అని. 43 ప్లస్ గుర్తు. తర్వాత 48 48 56 48 46 48 48, అంటే 0080.00. 107, 103 కేజీ. చివరి 13, 10 లైను ముగింపు. అంటే కేబుల్‌లో వచ్చింది పూర్తిగా సరైన మాటే. కేబుల్‌ని వదిలేయొచ్చు.

తర్వాత నెక్స్ట్ కొట్టుకుంటూ ఒక్కో లైను దిగాను. గ్రామ్స్ అనే లోకల్ వేరియబుల్‌ని ప్రింట్ చేస్తే 80000. బాగుంది. ఆ తర్వాత లైను ఆ విలువని స్ట్రక్చర్‌లో, అంటే కొన్ని వేరియబుల్స్‌ని పక్కపక్కనే ఉంచే కట్టలో, ఉన్న గ్రాస్‌లో వేస్తుంది. దాన్ని ప్రింట్ చేస్తే 14464.

రెండు లైన్ల మధ్య దొరికిపోయింది. వేరియబుల్ రకం చెప్పే పీటైప్ కొడితే గ్రాస్ టైపు అన్‌సైన్డ్ షార్ట్ అని చెప్పింది, అంటే 16 బిట్లు, 65535 దాకానే పడుతుంది. 80000 లోంచి 65536 తీసేస్తే మిగిలేది సరిగ్గా 14464. టేబుల్ కాటా 30 కిలోలు దాటదు కాబట్టి 16 బిట్లు దానికి బోలెడు, ఆ రోజు ఆ టైపు పెట్టడంలో తప్పేం లేదు. కాటా మారింది, టైపు మారలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే ప్రింట్ అనే పేరు వల్ల అది చూడడానికి మాత్రమే అనుకుంటారు. జీడీబీలో ప్రింట్‌కి ఇచ్చేది ఒక సీ ఎక్స్‌ప్రెషన్, దాన్ని అది నిజంగా అమలు చేస్తుంది. ప్రింట్ ఐ ప్లస్ ప్లస్ అంటే ఐ విలువ మారిపోతుంది. ప్రింట్ పక్కన ఒక ఫంక్షన్ పేరు, బ్రాకెట్లు పెడితే ఆ ఫంక్షన్ మన ప్రోగ్రాంలోనే నడుస్తుంది. మన దగ్గర సీరియల్ పోర్టు నుంచి ఒక బైటు చదివే ఫంక్షన్ ఉంది, దాన్ని అలా పిలిస్తే వచ్చిన బైటు ఆ పిలుపుకే ఖర్చయిపోయి, అసలు ప్రోగ్రాంకి సగం విరిగిన ఫ్రేమ్ దక్కుతుంది. వేరియబుల్‌ని చూడండి, పక్క ప్రభావం ఉన్న ఫంక్షన్‌ని మాత్రం ప్రింట్‌లో పెట్టకండి.

మంగళవారం: మార్చి చూడడం

ఈ రోజు యూనిట్‌కి వెళ్లలేదు, ఇంట్లోనే కూర్చున్నాను. పెద్ద కాటా లేదు, బస్తా లేదు. టేబుల్ కాటా నుంచి ఎప్పుడో ఫైల్‌లో పట్టి ఉంచిన ఫ్రేములు ఉన్నాయి. సోక్యాట్ అనే టూల్‌తో ఒక ఉత్తుత్తి సీరియల్ పోర్టు సృష్టించి ఆ ఫైలుని అందులోకి పంపిస్తే ప్రోగ్రాం నిజం కాటా అనుకుని చదువుకుంటుంది. ఇలా చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. డీబగ్గర్ ప్రోగ్రాంని ఆపుతుంది కానీ కాటాని ఆపలేదు, మనం ఆలోచిస్తూ కూర్చున్నంతసేపూ అది పంపుతూనే ఉంటుంది, కెర్నెల్ బఫర్ నిండాక మిగిలినవి పోతాయి, మళ్లీ కదిలించగానే పాత బరువులన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఫైల్ నుంచైతే మన వేగానికి మనం నడపొచ్చు.

ఫైల్లో ఉన్నవన్నీ 12 కిలోలు, 13 కిలోలు. నాకు కావాల్సింది 80. అందుకే పార్స్ అయిపోయిన లైను దగ్గర ఆపి సెట్ వార్ గ్రామ్స్ = 80000 కొట్టాను. ఈ "వార్" అనే మాట ఉండాలి. ఉత్త సెట్ అని మొదలుపెట్టి వేరియబుల్ పేరు ఇస్తే, ఆ పేరుతో జీడీబీకి సొంత సెట్టింగు ఉంటే గొడవ వస్తుంది. మన స్లిప్పు కొట్టే ఫంక్షన్‌లో విడ్త్ అని ఒక వేరియబుల్ ఉంది, 58 మిల్లీమీటర్ల కాగితానికి లైనుకి 32 అక్షరాలు. దాన్ని 80 మిల్లీమీటర్ల ప్రింటర్ కోసం 48 చేసి చూద్దామని సెట్ విడ్త్ = 48 అంటే, జీడీబీ దాన్ని తన తెర వెడల్పు సెట్టింగు అనుకుని ఎర్రర్ ఇస్తుంది. సెట్ వార్ విడ్త్ = 48 అంటే మన వేరియబుల్ మారుతుంది. ఎప్పుడూ సెట్ వార్ అనే కొట్టడం అలవాటు చేసుకుంటే సరి.

ఇంకొకటి కూడా చేసి చూశాను. గ్రామ్స్‌ని వదిలేసి నేరుగా స్ట్రక్చర్‌లోని గ్రాస్‌కి ప్రింట్ ద్వారా 80000 అసైన్ చేస్తే, జీడీబీ జవాబుగా 14464 అని చూపించింది. అది కూడా ఆ వేరియబుల్ టైపుకి కట్టుబడే రాస్తుంది కాబట్టి అక్కడ పట్టనిది ఎవరు పెట్టినా పట్టదు. నిన్నటి అనుమానానికి ఇంతకన్నా గట్టి రుజువు అక్కర్లేదు.

ఆ తర్వాత చేతితో ఒక్కొక్కటి కొట్టకుండా బ్రేక్‌పాయింట్‌కే పని అప్పగించాను. కమాండ్స్ అని మొదలుపెట్టి, సైలెంట్, సెట్ వార్ గ్రామ్స్ ఇంత, కంటిన్యూ అని రాసి ఎండ్ కొడితే ప్రతిసారి అక్కడికి రాగానే అదే విలువ పెట్టి తనే ముందుకు పోతుంది. విలువ మారుస్తూ చూస్తే స్లిప్పు మీద వచ్చినవి ఇవి: 65530 పెడితే 65.530, సరైనదే. 65540 పెడితే 0.004. 80000 కి 14.464. కాటా గరిష్ఠం 150000 కి 18.928. పెద్ద కాటా 10 గ్రాముల మెట్టులో చూపిస్తుంది కాబట్టి 65.53 దాకా బస్తా బాగానే తూగి, ఇంకొక పది గ్రాములు పడగానే నాలుగు గ్రాములైపోతుంది. 60 కిలోల బస్తాతో పరీక్ష చేసి ఉంటే అంతా బాగుందనే అనుకునేవాళ్లం. సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న అంకెలు పెట్టి చూడాలనే మాట ఇందుకే. నిజం బస్తాతో 65.53 కిలోలు సరిగ్గా తూగేలా పిక్కలు పోయాలంటే ఎంత సేపు పడుతుందో ఆలోచించండి.

టైపుని 32 బిట్లకి మార్చాను. స్లిప్పు ఫార్మాట్, లాగ్ రాసే చోటు రెండూ చూశాను, లాగ్ టెక్స్ట్‌లోనే ఉంది కాబట్టి పాత ఫైళ్లకి ఇబ్బంది లేదు. మళ్లీ అదే వరుస నడిపితే అన్నీ సరిగ్గా వచ్చాయి. 80000 గ్రాస్, గోనె సంచికి 1000 తరుగు, నెట్ 79.000. స్లిప్పు ఎలా పడుతుందో చూడడానికి డీబగ్గర్ లోంచే కాల్ కమాండ్‌తో ప్రింట్‌స్లిప్ ఫంక్షన్‌ని పిలిచాను, ఇంట్లో ఉన్న ప్రింటర్ మీద 79.000 అని కాగితం బయటకి వచ్చింది.

బుధవారం: 232 గ్రాములు

ఈ వారంలో అన్నిటికన్నా ముఖ్యమైన రోజు ఇది.

యూనిట్‌కి వెళ్లి కొత్త బిల్డ్ పెట్టి, బస్తా ఎక్కించాం. గ్రాస్ 80.000. మామ ముఖం వెలిగింది. నెట్ మాత్రం 79.232 అని వచ్చింది. సంచికి కిలో తరుగు తీయాలని సెట్టింగ్స్‌లో 1000 ఉంది, ఇక్కడ తీసింది 768. సోమవారం స్లిప్పు తీసి చూస్తే అందులోనూ గ్రాస్‌కీ నెట్‌కీ తేడా 768 గ్రాములే. బస్తాకి 232 గ్రాములు ఎక్కువ లెక్క పడుతోంది, నూరు బస్తాలకి 23.2 కిలోలు. ఇప్పుడు ఇది రైతు వైపు మొగ్గుతోంది, వేరే సెట్టింగ్ ఉంటే ఇంకోవైపు మొగ్గుతుందేమో. ఏ వైపైనా కాటా అబద్ధం చెప్పకూడదు.

నిన్న ఇంట్లో ఇదెందుకు కనబడలేదు? నిన్న నేను 80000 పెట్టింది ఫ్రేమ్ చదవడం, కాపీ చేయడం, పార్స్ చేయడం అయిపోయాక. మార్చిన విలువ ఆ లైను తర్వాతి కోడ్‌ని మాత్రమే పరీక్షిస్తుంది. దాని ముందున్నదంతా పాత కాటా ఫ్రేములతోనే నడిచింది. కాబట్టి తప్పు ఆ ముందు భాగంలోనే ఉండాలి. వాల్యూ మార్చి పరీక్షించేటప్పుడు "ఏ లైను దగ్గర మార్చాను, దానికి ముందున్న ఏ కోడ్ ఈ పరీక్షలో లేదు" అని రాసిపెట్టుకుంటే, తర్వాత వెతకాల్సిన చోటు దానంతటదే చిన్నదైపోతుంది.

తరుగుని దాచే వేరియబుల్ పేరు టేర్. ప్రోగ్రాం మొదలవగానే దాన్ని ప్రింట్ చేస్తే 1000. ఒక ఫ్రేమ్ వచ్చాక 768. కోడ్‌లో టేర్‌కి విలువ ఇచ్చే లైను ఒక్కటే, సెట్టింగ్స్ చదివే చోట. మరి ఎవరు మార్చారు?

ముందు ఆ రెండు అంకెల్ని ప్రింట్ స్లాష్ టీ తో బైనరీలో చూశాను. 1000 అంటే 1111101000. 768 అంటే 1100000000. పక్కపక్కన పెడితే కనిపించేస్తుంది, చివరి ఎనిమిది బిట్లు తుడిచిపెట్టుకుపోయాయి, మీది రెండూ అలాగే ఉన్నాయి. అంటే టేర్ అనే నాలుగు బైట్లలో కింది బైటు ఒక్కదానిలో ఎవరో సున్నా రాశారు.

ఇది ఊహ. దీన్ని పరీక్షించడానికి సెట్ వార్ అంత మంచి సాధనం ఇంకొకటి లేదు. టేర్‌ని 1024 చేశాను. 1024 లో కింది బైటు ఎలాగూ సున్నాయే కాబట్టి నా ఊహ నిజమైతే ఫ్రేమ్ వచ్చాక కూడా అది 1024 గానే ఉండాలి. అలాగే ఉంది. తర్వాత 1279 పెట్టాను, కింది బైటు పూర్తిగా నిండిన అంకె, అది 1024 కి దిగాలి. దిగింది. 255 పెడితే సున్నా అవ్వాలి. అయింది. సెట్టింగ్స్ ఫైలు తెరవకుండా, రీబిల్డ్ చేయకుండా, ఐదు నిమిషాల్లో ఊహ నిజమని తేలింది. ముందు జవాబు ఊహించి, తర్వాత వాల్యూ మార్చి, ఆ జవాబే వస్తుందా అని చూడడం, డీబగ్గింగ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే, ఉత్తినే అంకెలు మార్చి ఏమవుతుందో చూద్దాం అనుకోవడం కన్నా ఇది ఎంతో త్వరగా గమ్యం చేరుస్తుంది.

ఇక ఆ సున్నా రాసిన లైనుని పట్టుకోవాలి. దానికి వాచ్‌పాయింట్, అంటే ఒక విలువ మారగానే ప్రోగ్రాంని ఆపే కాపలా. వాచ్ మైనస్ ఎల్ పెట్టి టేర్ పేరు ఇచ్చాను. మైనస్ ఎల్ ఎందుకంటే, అది లేకపోతే జీడీబీ ఎక్స్‌ప్రెషన్‌ని కనిపెట్టుకుని ఉంటుంది, అందులో ఉన్న లోకల్ పాయింటర్ ఫంక్షన్ ముగియగానే పోతుంది, దాంతోపాటు వాచ్‌పాయింట్ కూడా పోతుంది. మైనస్ ఎల్ ఉంటే ఆ మెమరీ చిరునామానే కనిపెట్టుకుని ఉంటుంది. ఎక్స్86 ప్రాసెసర్లలో ఇలా కాపలా కాయడానికి నాలుగు డీబగ్ రిజిస్టర్లు ఉంటాయి, కాబట్టి ప్రోగ్రాం దాదాపు మామూలు వేగంతోనే నడుస్తుంది. అవి సరిపోనప్పుడు జీడీబీ ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడిపి, ప్రతిసారీ విలువ పోల్చి చూస్తుంది, అప్పుడు వందల రెట్లు నెమ్మదిస్తుంది. చిన్న వేరియబుల్స్‌ని, ఒకటి రెండింటినే వాచ్ చేయండి.

కంటిన్యూ కొట్టి, మామని బస్తా మీద చెయ్యి వేసి వదలమన్నాను. వెంటనే ఆగింది. పాత విలువ 1000, కొత్త విలువ 768. ఆగిన చోటు ఫ్రేమ్‌ని కాపీ చేసే ఫంక్షన్, అక్షరాలన్నీ కాపీ చేసేశాక చివర సున్నా పెట్టే లైను దాటగానే. ఎన్నో అక్షరమో లెక్కపెట్టే ఐ ప్రింట్ చేస్తే 16.

పీటైప్ స్లాష్ ఓ కొడితే స్ట్రక్చర్‌లో ఏది ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో చూపిస్తుంది. ఫ్రేమ్ 0 దగ్గర మొదలై 16 బైట్లు. దాని పక్కనే 16 దగ్గర టేర్, నాలుగు బైట్లు. అంతే, కథ మొత్తం ఆ రెండు లైన్లలో ఉంది. పాత కాటా బరువుని 012.34 అని ఆరు అక్షరాల్లో పంపేది, లైను ముగింపు తీసేస్తే ఫ్రేమ్ మొత్తం 15 అక్షరాలు, చివరి సున్నాతో 16, సరిగ్గా పట్టేది. కొత్త కాటా 0080.00 అని ఏడు అక్షరాలు పంపుతుంది. 16 అక్షరాలు, చివరి సున్నా పదిహేడోది, అది పక్కింటి టేర్ కింది బైటు మీద పడింది. ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో అంకె కింది బైటే ముందు చిరునామాలో ఉంటుంది కాబట్టి తుడిచిపెట్టుకుపోయింది అదే.

బఫర్‌ని 32 బైట్లు చేసి, పట్టని పొడవు వస్తే ఆ ఫ్రేమ్‌ని వదిలేసి లాగ్‌లో రాసేలా మార్చాను. సరిచేయడానికి ముందు పాత కోడ్‌నే మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో కూడా బిల్డ్ చేసి చూశాను, అది ఏమీ చెప్పలేదు. ఒకే స్ట్రక్చర్ లోపల ఒక మెంబర్ దాటి పక్క మెంబర్‌లో పడితే మామూలుగా అది పట్టదు. బౌండ్స్ శానిటైజర్ పెడితే మాత్రం 16 పొడవున్న ఎర్రేకి 16వ ఇండెక్స్ (లెక్క సున్నా నుంచి కాబట్టి పదిహేడో చోటు) వాడారని లైను నంబరుతో సహా చెప్పింది. ఇకనుంచి టెస్ట్ బిల్డ్‌లో రెండూ ఉంటాయి.

గురువారం: గ్రేడు దగ్గర ఒక ప్రశ్న

ప్రోగ్రాంలో ఇంకో చిన్న భాగం ఉంది, శాంపిల్‌లో ఎన్ని గుండు పప్పులు ఉన్నాయో ఇస్తే గ్రేడు చెబుతుంది. డబ్ల్యూ 240 అంటే పౌండుకి 220 నుంచి 240, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320, డబ్ల్యూ 450 అంటే 400 నుంచి 450. డీబగ్గర్ ఎలాగూ తెరిచి ఉంది కదా అని కౌంట్ విలువలు మార్చి చూశాను. 240 బాగుంది, 300 బాగుంది, 270 పెడితే గ్రేడు చోట ఖాళీ వచ్చింది. రెండు గ్రేడుల మధ్య ఖాళీలో పడింది మరి.

ఇది ప్రోగ్రామర్ తేల్చాల్సిన విషయం కాదు. గ్రేడింగ్ బల్ల దగ్గరున్న అప్పని అడిగాను. "అప్పా, పౌండుకి 270 వస్తే మీరు ఎందులో వేస్తారు?" "240 దాటిపోనాది కదా, 320లోనే వేసీడమే" అంది. కోడ్‌లో అదే పెట్టాను.

ఇంకొకటి కూడా బయటపడింది. స్క్రీన్ మీద శాంపిల్ 100 గ్రాములని ఉంది, ప్రోగ్రాం దాన్ని 4.536 తో గుణించి పౌండు లెక్క కడుతుంది. 70 పప్పులు పెడితే 317, డబ్ల్యూ 320. 71 పెడితే 322, గ్రేడు పడిపోయింది. ఒక్క పప్పు తేడాకి. అప్పకి ఈ రెండు అంకెలూ చూపిస్తే, బల్ల మీద తాము పౌండంతా తూచే లెక్కపెడతామని, వంద గ్రాములతో ఏ గ్రేడూ తేలదని చెప్పింది. శాంపిల్‌ని 454 గ్రాములు చేశాను.

శుక్రవారం: పైథాన్ వైపు, క్లుప్తంగా

నెలాఖరు రిపోర్టు ఒక పైథాన్ స్క్రిప్టు తయారుచేస్తుంది. దానిలోనూ కొత్త బరువులు పెట్టి చూశాను. 3.7 వెర్షన్ నుంచి బ్రేక్‌పాయింట్ అనే ఫంక్షన్ భాషలోనే ఉంది, దాన్ని కావాల్సిన చోట రాస్తే పైథాన్ సొంత డీబగ్గర్ పీడీబీ తెరుచుకుంటుంది. ఇక్కడ విలువ మార్చడానికి ప్రత్యేక కమాండ్ ఏమీ లేదు, మామూలు అసైన్‌మెంటే. కానీ స్క్రిప్టులో సీ, ఎన్ లాంటి ఒంటి అక్షరం పేర్లుంటే పీడీబీ కమాండ్లతో తగవు వస్తుంది, ముందు ఆశ్చర్యార్థకం పెట్టి రాయండి, అప్పుడు అది పైథాన్ స్టేట్‌మెంటని దానికి తెలుస్తుంది. పై ఫ్రేమ్‌లోకి (ఇక్కడ ఫ్రేమ్ అంటే కాటా లైను కాదు, మనల్ని పిలిచిన ఫంక్షన్) వెళ్లి అక్కడి లోకల్ వేరియబుల్ మారిస్తే పాత వెర్షన్లలో ఆ మార్పు నిలుస్తుందన్న నమ్మకం లేదు, పీఈపీ 667 అనే పైథాన్ మార్పు ప్రతిపాదన అమల్లోకి వచ్చాక, అంటే 3.13 నుంచి, అది నేరుగా అసలు వేరియబుల్‌కే చేరుతుంది. రిపోర్టులో తప్పేమీ కనబడలేదు.

ఆదివారం

రెండు కాటాల నుంచి నిజం ఫ్రేములు ఫైల్‌లోకి పట్టాను, బుధవారం పాఠం తర్వాత ఇది తప్పనిసరి అనిపించింది. పెద్ద కాటా మీద బస్తా లేకుండా, మామ ఒక్కడే నిలబడి, ఇద్దరు నిలబడి, బస్తాతో, అన్ని రకాలూ ఉన్నాయి. డీబగ్గర్ కమాండ్లు రాసిన ఫైలు ఒకటి లాప్‌టాప్‌లోనే పెట్టాను. దాన్ని ఇచ్చి జీడీబీ నడిపితే సరిహద్దు విలువలన్నీ తనే పెట్టి, ప్రతి ఫ్రేమ్ తర్వాత టేర్ ప్రింట్ చేసి చూపిస్తుంది.

సాయంత్రం మందస నుంచి ఒక రైతు మూడు బస్తాలతో వచ్చారు. స్లిప్పులు కొట్టి, కాటా డిస్‌ప్లే పక్కన పెట్టి ఆయనకే చూపించాం. గ్రాస్ మూడూ కలిశాయి, తరుగు మూడింటికీ కిలో చొప్పునే పడింది.

మిగిలిన పని ఒకటుంది. బస్తా ఇంకా ఊగుతున్నప్పుడు కాటా మొదటి రెండు అక్షరాలు ఎస్‌టీకి బదులు యూఎస్ అని పంపుతుంది, నిలకడ లేదని. పాత ప్రోగ్రాం ఆ అక్షరాల్ని చూడకుండానే బరువు తీసుకుంటుంది. డబ్బాలు వెంటనే కుదురుకునేవి కాబట్టి నడిచిపోయింది, బస్తా అలా కుదురుకోదు. వచ్చే వారం మొదట అదే, 85, 83 తో మొదలైన ఫ్రేమ్ దగ్గర మాత్రమే ఆగేలా షరతు పెట్టిన బ్రేక్‌పాయింట్‌తో మొదలుపెడతాను.